దొడ్డి పిలుపు

“ఆ గొంతు నేనింక వినలేను నాయనా, తీసెయ్,” అంది వదిన ఆదెమ్మ.

విఘ్నేష్ ల్యాప్‌టాప్ తెరిచాడు. తెర మీద రెండు డబ్బాలు: ‘దొడ్డి తలుపు’, ‘అన్న పిలుపు’. వాటిని కలుపుతూ అన్న బతికుండగా తను గీసిన గీత. సాయంత్రం గొర్రెల దొడ్డి తలుపు తెరవగానే, రికార్డు చేసిన గొంతుతో స్పీకర్‌లో అన్న వాటిని లోపలికి పిలుస్తాడు. చనిపోయి నెల దాటినా పిలుస్తూనే ఉన్నాడు.

గీత చెరిపేశాడు.

నల్లమలలో మేసి వచ్చిన మంద, తెరిచిన తలుపు ముందు ఆగింది. చెవులు నిక్కించింది. వెనక్కి తిరిగి, అన్నను పూడ్చిన గుట్ట వైపు నడవసాగింది.

ఆదెమ్మ కూడా అటే రెండడుగులు వేసి, దొడ్డి గుంజను గట్టిగా పట్టుకుంది.

“ఆ గీత మళ్లా కలుపు నాయనా. ఇన్నాళ్లూ గొర్రెల్నే పిలిచినాడు. ఇప్పుడు నన్ను పిలుస్తుండాడు.”