మారాణి మాదిరి

నంద్యాలలో కువైట్‌కు పనిమనుషులను పంపే ఏజెంటు మద్దిలేటి ఎదుట కూర్చుంది జైతున్‌బీ. చెల్లెలు ఇంట్లో చెప్పకుండా అతనికి తెచ్చిచ్చిన తన పాస్‌పోర్టు బల్ల మీద ఉంది.

"డాక్టరమ్మ ఇల్లు. నెలకు ముప్పై వేలు. ఉండనీకి ఏసీ గది. మీ చెల్లెలికి ఇంగేం కావల్ల?" అన్నాడు మద్దిలేటి.

"శుక్రవారం సెలవిస్తారా?"

"ఇస్తారు."

"ఫోను పెరుక్కోరు గదా?"

మద్దిలేటికి ఒళ్లు మండింది.

"ఏందీ పోలీసోళ్ల మాదిరి! నమ్మకుంటే పాస్‌పోర్టు తీసుకొని పో. నాలుగేండ్ల కింద ఆ ఇంటికే ఆళ్లగడ్డ ఆమెను పంపితి. రెండేండ్లు మారాణి మాదిరి ఉండి వచ్చె. పోయి ఆమెనే అడుగు."

"ఆమె పేరేంది?"

"ఎంతమంది పేర్లని గుర్తుపెట్టుకుంటా?"

జైతున్‌బీ లేచింది. పాస్‌పోర్టు తీసి సంచిలో వేసుకుంది.

"రెండేండ్లు ఆ వంటింట్లో నేల మీద పండుకుంటి. నువ్వు చెప్పిన జీతంలో సగం గూడా ఈలేదు. ఏడుస్తా నీకు ఫోన్ చేస్తే కట్ చేస్తివి. ఆ ఆళ్లగడ్డ ఆమెను నేనే."

మద్దిలేటి ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. అప్పటికీ గుర్తుపట్టలేకపోయాడు.