జూనీ వేషాలు

"పిల్లి వేషం వేస్తావా?" అన్నాడు వేడ్.

"పులా? నాకు భయం," అంది ఐదేళ్ల జూనీ, సోఫా వెనక నుంచి.

"పులి కాదే తల్లీ, పిల్లి. మ్యావ్."

"పిల్లంటే ఇంకా భయం."

పక్కింటి పిల్లిని చంకనేసుకుని వీధంతా తిరిగే కూతురు ఆ మాట అనేసరికి వేడ్ పిల్లి వేషాన్ని మళ్లీ సంచిలో పడేశాడు. గడియారం చూశాడు. ఐదూ నలభై. హాలోవీన్‌కి పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు దండుకునేది ఆరు నుంచి ఎనిమిది దాకానే. ఆ రెండు గంటల కోసమే అతను నెబ్రాస్కా అవతల నుంచి లారీ తోలుకుంటూ వచ్చి మధ్యాహ్నానికి అయోవాలోని తన ఊళ్లో దిగాడు. పిల్లకి ఊహ తెలిశాక వచ్చిన హాలోవీన్లన్నీ అతనికి హైవే మీదే వెళ్లిపోయాయి. ఇదీ పోతే కూతురికి నాన్న మొహం కన్నా లారీ నంబరే బాగా గుర్తుంటుందని అతని దిగులు.

సంచిలోంచి ఎలుగుబంటి తీశాడు. జూనీ ఎలుగెత్తి ఏడ్చింది. గుమ్మడికాయ తీశాడు. అది వేస్తే గుమ్మం దాటనంది. మంత్రగత్తె టోపీ పెట్టబోతే నెత్తి దురదంది.

"ఇంకా పెట్టనేలేదుగా."

"పెడితే పుడుతుంది."

"వేషం వెయ్యమంటే వేషాలేస్తావేం? పోనీ, ఏ వేషం కావాలో నువ్వే చెప్పు."

"జూనీ వేషం."

"అది రోజూ వేస్తూనే ఉన్నావుగా."

"అందుకే బాగా వచ్చు. ఇంట్లోనే ఉందాం నాన్నా. పాప్‌కార్న్ చేసుకుని కార్టూన్లు చూద్దాం."

ఆరయింది. ఆసుపత్రి వంటగదిలో డ్యూటీలో ఉన్న భార్య డార్లాకి ఫోన్ చేశాడు. "వద్దంటే వదిలెయ్ వేడ్, బలవంతం చెయ్యకు," అని ఆమె గబుక్కున పెట్టేసింది.

సంచిలో మిగిలింది తేనెటీగ ఒక్కటే. దాన్ని రెండు చేతులా పట్టుకుని కూతురి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"ఒక్క ఇల్లు, బంగారం. ఒక్క తలుపు తట్టి వచ్చేద్దాం. నాతో రావడం నీకంత..."

కళ్లు తుడుచుకుందామంటే చేతికి తేనెటీగ రెక్కే దొరికింది.

జూనీ అతని మొహంలోకి ఓ క్షణం చూసింది. తర్వాత వేషం తొడగమని రెండు చేతులూ పైకెత్తింది.

వీధిలో ఒక్క వరండాలోనూ మిఠాయిలిస్తామని చెప్పే దీపం లేదు. ఒక్క దయ్యం వేషమూ ఎదురు రాలేదు. అయినా వేడ్ ఎదురింటి తలుపు తట్టాడు. కోపెకీ మామ్మ తలుపు తీసి, తేనెటీగని ఎగాదిగా చూసింది.

"మళ్లీనా? నిన్న కుందేలులా వచ్చి రెండు గుప్పిళ్లు పట్టుకెళ్లావు కదే."

"నిన్నేమిటి మామ్మగారూ? అక్టోబరు ముప్పై ఒకటి, హాలోవీన్, ఇవాళ కదా."

"ఇవాళ శుక్రవారం నాయనా. హైస్కూల్లో ఫుట్‌బాల్ ఆట. ఊరంతా అక్కడే ఉంటుందని కౌన్సిల్ వాళ్లు పిల్లల తిరుగుడు నిన్నటికి జరిపారు. నీకెవరూ చెప్పలేదూ?"

లోపల్నుంచి ఆమె మొగుడు తొంగి చూశాడు. "ఎవరు చెప్తారే? అతను లారీలో ఉన్నాడు కదా పాపం," అన్నాడు.

వేడ్ మెల్లగా కూతురి వైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

జూనీ తలూపింది. నెత్తి మీది తేనెటీగ మీసాలూ ఊగాయి.

"అయిపోయిందని తెలిస్తే నాన్న ఏడుస్తాడు, చెప్పకు అంది అమ్మ. అందుకే అన్నీ వద్దన్నా. నువ్వేమో తెలియకుండానే ఏడ్చేస్తున్నావని, ఇంక వేసేసుకున్నా."