పదకొండో పేరు

ఆదివారం సాయంత్రంలోగా కమలాకుమారి చెయ్యాల్సిన పనులు: తన సన్మానపత్రంలో నాలుగో వాక్యం కొట్టేయించాలి. పత్రికవాళ్లకు ఫొటో ఇవ్వకూడదు. పక్కింటి ప్రభావతి నోటికి తాళం వెయ్యాలి. అత్తగారు బుల్లెమ్మను సభవేళకు ఎటైనా పంపెయ్యాలి.

మొదటి పనికోసం నారాయణగూడలో కిషన్ రావు ఇంటికి వెళ్లింది. సన్మాన సంఘానికి ఆయనే కార్యదర్శి.

“నాలుగో వాక్యంల తప్పేమున్నది టీచరమ్మా? ‘అరవై అయిదు యుద్ధంలో అమరుడైన ఏడుకొండలు గారి సతీమణి’. అంతే గద!”

“ఆయన పోయినట్టు మా అత్తయ్యకు తెలీదండీ.”

కిషన్ రావు కళ్లద్దాలు తీశాడు. “నాలుగేండ్ల సంది?”

అవునంది. చావుకబురు తంతి ఆమె పాఠాలు చెప్పే బడి చిరునామాకే వచ్చింది. ముసలామెది గుండెజబ్బు, ఉన్నది ఒక్క కొడుకు. కమలాకుమారి తంతిని వాచకంలో దాచి, అశోక్ నగర్ ఇంటికి వెళ్లి, ఏమీ జరగనట్టే అన్నం వడ్డించింది. అప్పట్నుంచీ నెలకో ఉత్తరం తనే రాసి, మొగుడు రాసినట్టు చదివి వినిపిస్తోంది. ఈసారీ సెలవు దొరకలేదట. బుల్లెమ్మ ఊఁ కొడుతూ వింటుంది. శుక్రవారం శుక్రవారం కోడల్ని కూర్చోబెట్టి తల దువ్వి, పూలు పెట్టి, బొట్టు దిద్దుతుంది.

ఏడవడానికి వీల్లేని కమలాకుమారి ఎర్రగుడ్డ కత్తిరించి మోదుగుపూలు కుట్టింది. ఆకులన్నీ రాలిపోయాక పూసే పువ్వు. యుద్ధం నుంచి తిరిగిరానివాళ్ల గుర్తుగా బడిపిల్లల గుండెలమీద గుచ్చింది. ఒక బడి ఇరవై బళ్లయింది. ఈ సన్మానం అందుకే.

“ఆంధ్రావాళ్లు పొండని గోడలమీద రాస్తున్న ఏడాది నాకు శాలువా ఏమిటండీ, ఆపెయ్యరాదూ?”

“గోడల మీది రాతలు గోడలకే, అమ్మా. మా తమ్ముని కొడుకు గూడ గా యుద్ధంలనే పోయిండు. వాన్ని యాది చేసుకొనేటట్టు చేసింది మీరే గద.” ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. “వాక్యం కొట్టేస్త. మరి సభల గా యుద్ధంల పోయిన పదకొండు మంది పేర్లు చదువుతం. ఆఖరుది మీ ఆయనదే. అది గూడ కొట్టెయ్యాల్నా?”

ఊరందరూ పోయినవాళ్లను తలుచుకునేలా చేసిన మనిషి ఆమె. ఆ పేరు మైకులో వినబడితే ఎవరో ఒకరు ఇంటికి మోసుకొస్తారు. కలం అడిగి తీసుకుని, తనే అడ్డంగా గీత గీసింది. గీత తిన్నగా వచ్చింది. అది చూసే ఆమెకు భయం వేసింది.

ఇంటికొచ్చి అడిగితే, సంగతి ముందే ఎరిగిన ప్రభావతి నవ్వింది. “అత్తమ్మను బాగ్ లింగంపల్లిల హరికథకు తోల్కపోత గని, నా నోట్ల నువ్వుగింజ నానదని అనేది నువ్వే గద అక్కా?”

“ఈ ఒక్క గింజనీ నాననివ్వు ప్రభా, నీకు పుణ్యముంటుంది.”

ఆదివారం చిక్కడపల్లి హాలు నిండింది. శాలువా కప్పారు, దండ వేశారు. నగరంలో బళ్లన్నిటా ఈ పువ్వు పెట్టిస్తామని ముఖ్య అతిథి మాటిచ్చారు. చప్పట్లు మోగుతుంటే కమలాకుమారి తలెత్తలేకపోయింది.

కిషన్ రావు పేర్లు మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకూ ఎవరో ఒకరు లేచి నిలబడుతున్నారు. తమ్ముడి కొడుకు పేరు ఆయన రెండుసార్లు చదివాడు. పది పేర్లయ్యాయి. కాగితం మడిచాడు.

“బాబూ, ఒక పేరు వదిలేశారు.”

అందరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో బుల్లెమ్మ నిలబడి ఉంది. పక్కన ప్రభావతి బిత్తరచూపులు చూస్తోంది. “నేనేం చెప్పలే అక్కా! ఒట్టు! రిక్షా ఎక్కంగనే ఇటు పొమ్మన్నది.”

బుల్లెమ్మ కోడలి వైపు చూడకుండా, సభకు చేతులు జోడించింది.

“నా కోడలి బొట్టు కోసం నాలుగేళ్లుగా తెలియనట్టే ఉన్నాను, మా ఏడుకొండల్ని మరిచిపోకండి.”