ఆయనకు తిండెవరు పెడుతున్నారు?

“అది అలా కాదు బాబూ.”

రీడింగ్ రూములో మూల బెంచీ మీంచి వచ్చిందా మాట. పుస్తకం పైకి చదువుతున్న హెక్టర్ ఆగి తలెత్తాడు.

మాసిన కోటు, నెరిసిన గడ్డం, కాళ్ల దగ్గర దుప్పటి చుట్ట. 1931లో అలాంటివాళ్లు మా గ్లెన్‌బారో మీదుగా రోజుకు పదిమంది నడిచి పోయేవారు. బొగ్గు గనులు మూతపడ్డాయి. సగం దేశం పని వెతుక్కుంటూ రోడ్డెక్కింది.

హెక్టర్‌కీ గనిలో పని పోయింది. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుందని చదువు మొదలుపెట్టాడు. మన ప్రభుత్వం సముద్రాలవతల లండన్‌లో చేసిన అప్పేమిటి, దానికి మన కూలి ఎందుకు కోయాలి, బ్యాంకులెందుకు వణుకుతున్నాయి? మంత్రుల మాట నమ్మబుద్ధి కాలేదు. రీడింగ్ రూములో ఉన్న ఒకే ఒక్క అర్థశాస్త్రం పుస్తకం పట్టుకుని, మరో ఏడుగురిని పోగేసి రోజూ మధ్యాహ్నం చదివేవాడు. జేబులో పెన్నీ లేని ఎనిమిది మంది వడ్డీ రేట్ల మీద కొట్టుకు చచ్చేవారు.

“ఎలాగో మీరే చెప్పండి పెద్దాయనా” అన్నాడు హెక్టర్ వెటకారంగా.

ఆయన చెప్పాడు. మనం దాచిన డబ్బు బ్యాంకు పెట్టెలో ఉండదని, ఎవరెవరికో అప్పుగా పోతుందని, పొదుపు బ్యాంకు సొమ్ము చాలావరకు ప్రభుత్వమే వాడుకుందని, ప్రభుత్వం చేతులెత్తేస్తే బ్యాంకూ ఎత్తేస్తుందని. పుస్తకం నెల రోజులుగా చెప్పలేనిది పావుగంటలో చెప్పాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అలా మూడు వారాలు. పేరు ఆంబ్రోస్ అన్నాడు, అంతకుమించి చెప్పలేదు. అందరితో పాటు ఆయనకూ ఒక కప్పు టీ పోసేవారు. రొట్టె ఎవరి దగ్గరుంది గనక పెట్టడానికి?

ఇంట్లో హెక్టర్ భార్య మోర్నా రోజూ ఒకటే అడిగేది. పన్నెండేళ్లు పరాయి బట్టలుతికి ఆమె దాచిన అరవై పౌన్లు పొదుపు బ్యాంకులో ఉన్నాయి. నలుగురు పిల్లలున్న ఆ ఇంటికి మిగిలిన దిక్కు అదొక్కటే. తీసేద్దామా, ఉంచుదామా?

“పుస్తకం పూర్తి కానీ, చెప్తా” అనేవాడు హెక్టర్.

“అది పూర్తయ్యేలోపు మనం పూర్తవుతామయ్యా” అనేది మోర్నా.

మూడో శుక్రవారం ఆంబ్రోస్ పేపరు మడిచి పక్కన పెట్టాడు. ప్రభుత్వం లండన్‌కి వడ్డీ కట్టలేకపోయిందని అందులో ఉంది.

“ఇక చదివింది చాలు. సోమవారం బ్యాంకు తెరవగానే మీ డబ్బు తీసేసుకోండి” అన్నాడు.



పొదుపు బ్యాంకంటే మాకు ఏదో ఒక బ్యాంకు కాదు. అది కూలివాళ్ల బ్యాంకు. దాన్ని కూల్చాలని షావుకార్ల బ్యాంకులు కాచుక్కూర్చున్నాయని, పుకార్లు పుట్టించే మనుషుల్ని ఊళ్ల మీదికి వదిలారని యూనియన్ వాళ్లు చెవినిల్లు కట్టుకుని చెబుతున్నారు.

హెక్టర్ పుస్తకం మూశాడు. నేర్చుకున్నది వాడే వేళ వచ్చిందనుకున్నాడు పాపం.

మా దగ్గర రోడ్డు మీది మనిషికి పోలీసు స్టేషన్లో వారానికి సరిపడా పిండి, టీ, చక్కెర ఇస్తారు. ఒక ఊళ్లో ఒక్కసారే. మళ్లీ కావాలంటే యాభై మైళ్లు నడిచి ఇంకో ఊరు చేరాల్సిందే. అందుకే ఏ బాటసారీ ఇక్కడ ఎనిమిదో రోజు ఉండడు.

“మూడు వారాలుగా ఇక్కడే ఉన్నావు” అన్నాడు హెక్టర్. మీరు పోయి నువ్వు వచ్చింది. “రేషన్ లేదు, పని లేదు. నీకు తిండెవరు పెడుతున్నారు?”

ఆంబ్రోస్ తల దించుకున్నాడు.

“రాబడి లేనిదే ఖర్చుండదని నువ్వే కదా చెప్పావు. ఏ బ్యాంకు ఇస్తోంది?”

ఎవరో నవ్వారు. ఇంకెవరో దుప్పటి చుట్ట తీసుకెళ్లి గుమ్మం బయట పడేశారు. ఆంబ్రోస్ గోడ పట్టుకుని లేచాడు. ముసలితనం అనుకున్నారంతా.

“నా మీద కోపం తర్వాత తీర్చుకోండి బాబూ. సోమవారం మాత్రం దాటనివ్వకండి” అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మోర్నా మళ్లీ అడిగింది. తీయొద్దు, షావుకార్లకు కావలసింది అదే అన్నాడు హెక్టర్. చదువుకుంటున్న మొగుడి మాట కదా, నమ్మింది.

బుధవారం పొదుపు బ్యాంకు తలుపులు తెరుచుకోలేదు.

మోర్నా మూసిన తలుపుల ముందు మధ్యాహ్నం దాకా నిలబడి ఇంటికొచ్చింది. మళ్లీ పరాయి బట్టల ముందు కూర్చుంది. తిట్టినా బాగుండేది.

హెక్టర్ వంతెన కిందికి పరుగెత్తాడు. ఆంబ్రోస్ పడుకునే చోట పోలీసు సార్జెంట్ టోబిన్ ఒక్కడే ఉన్నాడు, ఆరిపోయిన పొయ్యి రాళ్లు తొలగిస్తూ.

ఆంబ్రోస్ ఆదివారం చనిపోయాడని చెప్పాడు టోబిన్. కడుపులో ఏమీ లేదని డాక్టరు అన్నాడట.

“నేను రెండుసార్లు చెప్పా హెక్టర్, ఇంకో ఊరెళ్లి రేషన్ తెచ్చుకోవయ్యా అని. చదువు సగంలో ఉంది, ఇప్పుడు నేను పోతే తప్పు చదువుకుంటారు అన్నాడు.”

హెక్టర్ రాళ్ల మీదే కూలబడ్డాడు. మూడు వారాలు ఎదురుగా కూర్చున్న మనిషి ఆకలి తనకు కనిపించలేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

“ఎవరాయన?”

రేషన్ రాసుకున్న మొదటి రోజు ఏం పని చేసేవాడివని అడిగితే తనకు చెప్పాడంటూ, టోబిన్ మొదలుపెట్టాడు.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట మెల్‌బోర్న్‌లో బ్యాంకులు వరసగా కూలుతున్నప్పుడు, పైవాళ్ల మాట నమ్మి, మూతపడబోతున్న తన బ్యాంకు గుమ్మంలో నిలబడి “మీ డబ్బు భద్రంగా ఉంది, ఇళ్లకు వెళ్లండి” అని జనాన్ని వెనక్కి పంపిన ఇరవయ్యేళ్ల గుమస్తా ఆయనే. ఆ మాట విని తిరిగి వెళ్లిపోయినవాళ్లలో ఆయన తల్లి కూడా ఉంది.