గోపాలరావు మాస్టారి మీద ఫిర్యాదు

"గోపాలరావు మాస్టారు గారు చేసే అన్యాయాలు ఏందంటే..."

"ఆగాగు!" హజ్రా బీ కుర్చీలోంచి లేచింది. "తిట్టేటప్పుడు గారేందక్కా? మళ్ళీ మొదట్నించి చెప్పు."

రాహేలు కొంగుతో మొహం తుడుచుకుంది. కుట్టుమిషను దగ్గర వాడే కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, హజ్రా బీ మళ్ళీ ఆఫీసరులా కూర్చుంది. మూడు రోజులుగా ఆమె ఇంటి వసారాలో ఇదే తంతు.

గురువారం పొద్దున నరసరావుపేట నుంచి విద్యాశాఖ ఆఫీసరు వస్తున్నాడు. మాస్టారి సంగతి ఊరివాళ్ళనే అడిగి తేలుస్తాడట. ఆయన ఈ ఊళ్ళో ఉండేదీ పోయేదీ ఆ ఒక్క పూటలో తేలిపోతుంది. తేడా వచ్చిందా, పదో తరగతికొచ్చిన మనవరాలు నిస్సీ చదువు అటకెక్కినట్టే. రాహేలు గుబులంతా అదే.

మాట్లాడే పని ఆమె మీదే పడింది. వీధి కుళాయి దగ్గర రాహేలు నోరు తెరిస్తే వరసలో వాళ్ళు తమ బిందెలు తామే వెనక్కి జరుపుకుంటారు. అలాంటి నోరు ఇప్పుడు ఎండిపోతోంది.

"మాట రావట్లేదే హజ్రా. ఆ మనిషి మొహం గుర్తొస్తే గొంతు పట్టేస్తంది."

"మొహం గుర్తుతెచ్చుకోమాకు. నేను నీ బిందె పక్కకి నెట్టాననుకో."

"నెట్టి చూడు, తెలుస్తది!"

"అదీ! ఆ గొంతే కావాల. ఒక్కో మాట అని ఆగు, ఆయన రాసుకోవాలి గదా. చేతులు కట్టుకోమాకు. చివర్లో దణ్ణం పెట్టావో, ఫిర్యాదు కాస్తా ప్రార్థనైపోద్ది."

గురువారం బడి వరండా నిండిపోయింది. ఆఫీసరు బల్ల మీద ఏవో పేర్లున్న కాగితం పరుచుకుని కూర్చున్నాడు. పక్కన గోపాలరావు, వేళ్ళకింకా సుద్దపొడి అలాగే ఉంది.

"ఈయన గురించి ఎవరైనా చెప్పేదుందా?"

రాహేలు లేచింది. చూపు ముందు మాస్టారి మొహం మీదే పడింది. జనంలోంచి హజ్రా బీ, లేని బిందెను చేత్తో పక్కకి నెట్టి చూపించింది. అంతే, గొంతు విచ్చుకుంది.

"పిల్లల్ని సాయంత్రం ఏడైనా వదలడు సార్." ఆగింది. ఆఫీసరు రాసుకున్నాడు. "ఆదివారం చర్చికి గూడా తెమల్నియ్యడు, అప్పుడూ క్లాసే." ఆగింది. "మిరప కోతలప్పుడు చేలోకొచ్చి, నలుగురి ముందు నన్ను కేకలేసి, పిల్లల్ని బండెక్కించుకుని పోయాడు. ఆ రోజు కూలి పోయింది. ఇదేందని అడిగితే ఇంటికొచ్చి మళ్ళీ కేకలేశాడు. పెద్దా చిన్నా చూడడు సార్."

"నిజమేనా?" అన్నాడు ఆఫీసరు.

గోపాలరావు తల వంచుకున్నాడు. "నిజమేనండీ."

"అంతా అబద్ధం!" వెనకనుంచి వెంకట్రామయ్య లేచాడు. అరవై ఎకరాల మిరప తోటల ఆసామి; పిల్లల్ని కూలికి పిలిచే చేలు ఆయనవే. "ఆవిడ మాటలు నమ్మమాకండి సార్. ఇట్టాంటి మాస్టారు మన జిల్లాలోనే లేడు. బంగారం! పిల్లల కోసం ప్రాణం పెడతాడు. ఇట్టాంటోడికి ఎంత చేసినా తక్కువే!"

ఆయన మనుషులిద్దరు చప్పట్లు కొట్టారు. ఆఫీసరు కలం ఆగిపోయింది. ఎదురు మాట్లాడేవాడు ఉంటాడని వసారాలో ఎవరూ అనుకోలేదు. హజ్రా బీ వైపు చూస్తే, ఆమె కూడా నోరు తెరుచుకుని చూస్తోంది.

రాహేలు మెల్లగా వెంకట్రామయ్య వైపు తిరిగింది.

"అయ్యా, తమ మనవళ్ళు ఏ బడిలో చదువుతున్నారు?"

"అదెందుకు ఇప్పుడు?"

"చెప్పండయ్యా, సారు రాసుకుంటారు."

"గుంటూర్లో."

"ఇంత బంగారం మాస్టారు గడప ముందుండగా, గుంటూరు దాకా ఎందుకు పంపారయ్యా?"

వరండా అంతా గొల్లుమంది. చప్పట్లు కొట్టిన ఇద్దరు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. వెంకట్రామయ్య మీసం మీద చెయ్యేసుకుని కూర్చుండిపోయాడు.

"అయితే ఊరంతటితో తగువు పెట్టుకునే మనిషన్న మాట," అన్నాడు ఆఫీసరు. ఎర్ర కలం తీసి కాగితంలో ఒక పేరు అడ్డంగా కొట్టేశాడు. "ఇంక నేను ఆలోచించేదేం లేదు."

జీపు వెళ్ళిపోయింది. వెంకట్రామయ్య ఎవరి మొహమూ చూడకుండా బండి స్టార్టు చేసుకుని పోయాడు. జనం పలచబడ్డారు. గోపాలరావు మాత్రం స్తంభానికి ఆనుకుని అక్కడే నిలబడ్డాడు.

రాహేలు దగ్గరికి వెళ్ళింది.

"ఎనిమిదేళ్ళు చాకిరీ చేస్తే మీరంతా కలిసి నాకిచ్చిన పేరు ఇదా రాహేలమ్మా?" అన్నాడాయన. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"తప్పయిపోయింది, వేరే దారి తోచలేదు మాస్టారూ," అంది రాహేలు ముక్కు ఎగబీలుస్తూ. కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ తనే అంది:

"ఇంక మంచి మాస్టారని మిమ్మల్ని నరసరావుపేట పెద్దబడికి ఎవరూ ఎత్తుకుపోరులే."