చప్పుడు లేని మాట

విదేశీ బట్ట చవగ్గా వచ్చిపడి సిరిసిల్లలో మరమగ్గాలు మూతపడ్డాక, పని పోయిన ప్రతి ఇంటికీ సర్కారు ఒక మరమనిషిని పంపింది. కొత్త కొలువు దొరికేదాకా అది ఆ ఇంట్లోనే ఉంటుంది.

సుగుణ ఇంటి వాకిట్లో అది బియ్యం ఏరుతూ అడిగింది. "నీకింకేం పని వచ్చమ్మా?"

"నేతొక్కటే వచ్చు. ఎన్నిసార్లడుగుతవ్?"

విసుక్కుని, డాబా మీదున్న భర్తవైపు తిరిగి పెదవులు కదిపింది. గొంతు బయటికి రాలేదు.

"ఏమన్నావు?" అంది మరమనిషి.

"చాయ్ తాగుతవా అని అడిగిన. మగ్గాల మోతల మాటినవడదు గద, మేమందరం గిట్లనే మాట్లాడుకుంటుంటిమి."

మరమనిషి చేయి చాటలో ఆగిపోయింది. "ఈ పని చెప్పనేలేదేం?"

"గిది గూడ పనేనా?"

సోమవారం సుగుణ చెవిటి పిల్లల బడిలో కొలువుకు చేరింది. కిటికీ పక్కన కూర్చున్న పిల్ల పెదవులు మెల్లగా కదిలాయి: 'ఆకలైతంది.'

'నాకు గూడ,' అంది సుగుణ, చప్పుడు చెయ్యకుండా.