నలభై రెండు స్లైడ్లు

పెంచలప్రసాద్ నలభై రెండు స్లైడ్లు తయారుచేశాడు.

అంశం తుఫాను హెచ్చరికలు. క్లాసులో అందరికంటే బాగా చెప్పినవాళ్లను కాలేజీ తరఫున తిరుపతి సదస్సుకు పంపుతారు. వెళ్లేది తానేనని ప్రసాద్ కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు. విషయం చదవడానికి మాత్రం తీరిక దొరకలేదు. ఎందుకూ, స్లైడ్లలో అంతా ఉందిగా!

ముందురోజు సాయంత్రం సెమినార్ హాల్లో రిహార్సల్ మొదలుపెట్టాడు. బెంచీల వైపు వీపు పెట్టి, తెర మీద ఉన్నది గడగడా చదివేస్తున్నాడు.

హాలు ఊడుస్తున్న అటెండరు ఆగాడు.

"బాబూ, తెర చూసి చదవబాకు. మనుషుల్ని చూసి చెప్పు."

ప్రసాద్‌కు ఒళ్లు మండింది.

"నువ్వేం చదివినావు?"

"అయిదు."

"నాది డిగ్రీ ఆఖరి సంవత్సరం. చీపురు పట్టుకునేవాడివి, నాకు పాఠాలు చెప్పేదేంది?"

"పాఠం కాదు బాబూ. గాలి ఎంత జోరుగా కొట్టిందో ఎవురిక్కావాల? కబురందినా జనం ఎందుకు కదల్లేదో చెప్పు. చెవులప్పగించి వింటారు."

"ముందు నువ్వు నోరు ముయ్యి."

అంతటితో ఊరుకోలేదు మహానుభావుడు. అటెండరు తాగొచ్చి తన రిహార్సల్ చెడగొట్టాడని ఆఫీసులో కాగితం రాసిచ్చాడు. ఆ ఒక్కటే ఎక్కడా కాపీ కొట్టకుండా రాశాడు.

మర్నాడు మూడో స్లైడుకే వెనక బెంచీలవాళ్లు ఫోన్లు తీశారు. నలభై రెండూ అయ్యాక లెక్చరర్ నరేంద్రబాబు గారు అడిగారు.

"హెచ్చరికలు ఇంత బాగుంటే జనం ఎందుకు కదలరయ్యా?"

ప్రసాద్ తెర వైపు తిరిగాడు. అక్కడ జవాబు లేదు.

"బుద్ధి లేక సార్. పల్లెజనం కదా."

తర్వాత షారన్ వంతు. విడవలూరు దగ్గర పల్లెపిల్ల. వట్టి చేతులతో వచ్చి నిలబడింది.

"మా ఊళ్లో వేళగాని వేళ చర్చి గంట మోగితే ఎవరో పోయినారని అర్థం సార్. ఏ పనున్నా వదిలేసి అందరం పోవాల. తుఫాను వస్తా ఉందని ఆ రోజు టీవీలో చెప్పినారు, పోలీసులొచ్చి మైకులో చెప్పినారు. ఒక్కరూ కదల్లా. అప్పుడు ఒకాయన పోయి చావు గంట కొట్టినాడు."

ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి.

"చర్చి దిబ్బ మీద ఉంది. ఊరంతా పరిగెత్తినాం. ఎవరు పోయినారని అడిగితే, 'ఇంకా ఎవరూ పోలా' అన్నాడు. చావు గంటతో ఆటలా అని మావోళ్లు ఆయన్ని కింద పడేసి కొట్టినారు. మొదటి దెబ్బ మా నాయనదే. కొడతా ఉండంగానే ఉప్పెన వచ్చి ఊరిని ముంచేసింది. దిబ్బ మీద అందరం బతికినాం."

చప్పట్లు ఆగలేదు. తిరుపతికి ఎవరు వెళ్తారో ప్రసాద్‌కు అర్థమైపోయింది.

"పల్లెటూరి సోది" అని గొణిగాడు.

నరేంద్రబాబు గారు కళ్లు తుడుచుకున్నారు.

"ఆయన్ని కూడా సదస్సుకు తీసుకెళ్దామమ్మా. ఇప్పుడెక్కడుంటాడు?"

షారన్ తల వంచుకుంది.

"నిన్నటిదాకా ఈ హాల్లోనే ఉన్నాడు సార్, తాగినాడని పొద్దున పన్లోంచి తీసేసినారే, మన అటెండరు క్రీస్తుదాసు మామ, ఆయనే."